నిన్నటి మనిషి, ఇవాళ్టి గేటు

శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుడు తన బోర్డింగ్ పాసు ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటాడే గానీ, చుట్టూ పనిచేసేవాళ్ల మెడల్లో వేలాడే కార్డుల్ని పెద్దగా పట్టించుకోడు. సామాను ఎత్తే లోడరుకూ, నేల తుడిచే ఆమెకూ, కాఫీ కొట్టులో కుర్రాడికీ, విమానంలో ఇంధనం నింపే ఆపరేటరుకూ అది ఉండి తీరాలి. దాని పూర్తి పేరు ఏరోడ్రోమ్ ఎంట్రీ పర్మిట్. కాగితాల్లో ఏఈపీ, నోటి మాటలో పాసు. ఇచ్చేది జీతమిచ్చే కంపెనీ కాదు. కేంద్ర పౌర విమానయాన శాఖ కింద ఉండే బీసీఏఎస్, అంటే బ్యూరో ఆఫ్ సివిల్ ఏవియేషన్ సెక్యూరిటీ. కార్డు మీద ఫొటో, పేరు, పనిచేసే సంస్థ, గడువు తేదీతో పాటు కొన్ని ఇంగ్లీషు అక్షరాలుంటాయి. ఏ ఉంటే ప్రయాణికులు దిగివచ్చే వైపు, డీ ఉంటే బయలుదేరే వైపు, పీ ఉంటే విమానాలు నిలిచే ఏప్రన్ మీదికి వెళ్లవచ్చు. అక్షరం లేనివాడికి ఆ తలుపు లేనట్టే.

ఇంత తతంగం ఎందుకంటే, విమానాశ్రయ భద్రత అంతా ఒక గీత మీద నడుస్తుంది. గీతకు ఇవతల అందరూ అనుమానితులే, అవతల అందరూ నమ్మకస్తులే. ప్రయాణికుడు బెల్టు విప్పి, జేబులు ఖాళీ చేసి ఒక్కసారి గీత దాటతాడు. ఉద్యోగి రోజుకు పదిసార్లు దాటతాడు. అతనికి విమానం పొట్టలోకి కూడా దారి తెలుసు. అందుకే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1974లో తొలిసారి ఆమోదించిన భద్రతా నియమావళి, అంటే పౌర విమానయానంపై షికాగో ఒప్పందానికి 17వ అనుబంధం, ఒంటరిగా లోపల తిరిగే ప్రతి మనిషి పూర్వాపరాలూ విచారించాలనీ, మనుషులకూ వాహనాలకూ గుర్తింపు ఏర్పాటు ఉండాలనీ సభ్యదేశాలకు చెబుతుంది. మన బీసీఏఎస్ పుట్టుకా దుర్ఘటనల వెంటే నడిచింది. 1976 సెప్టెంబరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం హైజాక్ అయ్యాక పాండే కమిటీ సిఫారసు చేస్తే, 1978 జనవరిలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ)లో ఒక విభాగంగా మొదలైంది. 1985లో ఎయిర్ ఇండియా కనిష్క విమానం బాంబు పేలి 329 మందితో సముద్రంలో కూలాక, 1987 ఏప్రిల్ 1న స్వతంత్ర సంస్థ అయింది.

అదే ఏడాది డిసెంబరులో అమెరికాలో జరిగిన సంగతి ఈ కార్డుల అసలు జబ్బేమిటో చూపించింది. కాలిఫోర్నియాలో యూఎస్ఎయిర్ ఉద్యోగి ఒకడు విమానంలో మద్యం అమ్మిన సొమ్ము 69 డాలర్లు కాజేశాడని పట్టుబడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఉద్యోగం పోయింది గానీ గుర్తింపు కార్డు అతని దగ్గరే ఉండిపోయింది. 1987 డిసెంబరు 7న, తనను తీసేసిన మేనేజరు ప్రయాణిస్తున్న పీఎస్‌ఏ 1771 విమానానికి లాస్ ఏంజెలెస్‌లో టికెట్టు కొన్నాడు. ఆ కార్డు పుణ్యమా అని తనిఖీ తప్పించుకుని తుపాకీతో విమానమెక్కాడు. గాలిలో మేనేజరునూ పైలట్లనూ కాల్చాడు. విమానంలోని 43 మందిలో ఒక్కరూ బతకలేదు. ఆ తర్వాతే అక్కడ ఉద్యోగం పోయినవాడి కార్డు వెంటనే లాక్కోవాలనీ, విమాన సిబ్బంది కూడా తనిఖీ దాటే వెళ్లాలనీ కట్టడి చేశారు.

ఆ కార్డు దొంగది కాదు, నకిలీది కాదు. దానిమీద అచ్చయిన ప్రతి మాటా ఒకప్పుడు నిజమే. తంటా అంతా ఆ 'ఒకప్పుడు'లో ఉంది. కార్డు అచ్చు వేసిన రోజున ఆ మనిషి ఎవరో కార్డుకు తెలుసు. గేటు దగ్గర నిలబడిన ఈ క్షణాన అతను ఎవరో తెలియదు. ఈ రెంటి మధ్య ఎడం తగ్గించడానికి నలభై ఏళ్లుగా పడుతున్న పాట్లే మనం విసుక్కునే ఫారాలూ, ముద్రలూ, క్యూలూ.

మొదటి పాటు గతాన్ని తవ్వడం. ఎంత లోతుకు తవ్వాలన్నది దేశానికో తీరు. అమెరికాలో వేలిముద్రలు ఎఫ్‌బీఐకి పంపి, గత పదేళ్లలో చట్టం జాబితా కట్టిన నేరాల్లో దేనికైనా శిక్షపడిందా అని చూస్తారు. ఆస్ట్రేలియాలో ఆస్‌చెక్ అనే ప్రభుత్వ విభాగం ఒకే దరఖాస్తును మూడు దిక్కులకు పంపుతుంది. నేర చరిత్ర కోసం పోలీసు రికార్డులకు, దేశభద్రత కోసం ఆసియో అనే గూఢచార సంస్థకు, విదేశీయుడైతే పనిచేసే హక్కు ఉందా అని వలసల శాఖకు. బ్రిటన్‌ది మరీ చాదస్తం. గత ఐదేళ్లూ ఎక్కడ చదివాడో, ఎక్కడ పనిచేశాడో వరుసగా చూపాలి, మధ్యలో 28 రోజులు మించి ఖాళీ కనిపిస్తే దానికి లెక్క చెప్పాలి. ఆ ఐదేళ్లలో ఆరు నెలలకు మించి వేరే దేశంలో ఉండి ఉంటే అక్కడి పోలీసుల నుంచి నేరచరిత్ర పత్రం తేవాలి. లండన్‌లో ఎంఎస్‌ చదువుతూ హీత్రోలో పార్ట్‌టైమ్ పని దొరికిందని సంబరపడే గుంటూరు కుర్రాడు మళ్లీ మన పాస్‌పోర్టు శాఖను ఆశ్రయించి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తెచ్చుకునేది ఇందుకే. డిగ్రీకీ వీసాకీ మధ్య ఇంట్లో ఖాళీగా కూర్చున్న నాలుగు నెలలకు సాక్షి ఎవరు? అమ్మ చెబితే ఒప్పుకోరు.

మన దగ్గర పోలీసు విచారణ ఉంటుంది. పాస్‌పోర్టు తీసుకున్న ప్రతి ఇంటికీ అది పరిచయమే. ఆధార్‌లో చిరునామా శ్రీకాకుళం జిల్లాలో ఊరిది, ఉండేది శంషాబాద్ పక్కన నలుగురు పంచుకునే అద్దె గది అయితే ఆ కాగితం ఎంత తిరగాలో చెప్పనక్కర్లేదు. దానితో పాటు భద్రతపై అవగాహన శిక్షణ కూడా పూర్తిచేస్తే గానీ కార్డు చేతికి రాదు.

ఇలా గతాన్ని జల్లెడ పట్టడంలో గణితం మన పక్షాన లేదు. ఊహకు ఒక లెక్క వేద్దాం. లక్షమంది ఉద్యోగుల్లో నిజంగా ప్రమాదకరమైనవాళ్లు పదిమంది. మన పరీక్ష నూటికి తొంభై తొమ్మిదిసార్లు సరైన జవాబే ఇస్తుంది. ఇది నిజ ప్రపంచంలో ఏ విచారణకూ అందనంత గొప్ప నాణ్యత. ఆ పదిమందీ దాదాపు దొరికిపోతారు. కానీ మిగిలిన తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై మందిలో నూటికి ఒకరి చొప్పున సుమారు వెయ్యిమంది అమాయకుల మీద కూడా ఎర్ర గుర్తు పడుతుంది. అంటే అనుమానితుల జాబితాలో వందమందికి తొంభై తొమ్మిది మంది ఏ పాపం ఎరగనివాళ్లు. అరుదైనదాన్ని వెతికే ప్రతి పరీక్షకూ, కేన్సర్ స్క్రీనింగ్‌కైనా సరే, ఇదే శాపం. అందుకే అప్పీలు చేసుకునే దారి దయ కాదు, ఆ పరీక్షలో భాగం. అది లేని వ్యవస్థ తన లెక్క తానే చూసుకోనట్టు.

ఇంకా చిత్రమైన చిక్కులు సమాచారానివీ, పేర్లవీ. అమెరికా అంతర్గత భద్రతా శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2015లో ఒక తనిఖీ నివేదిక ఇచ్చారు. విమానయాన ఉద్యోగుల రికార్డులు సుమారు 9 లక్షలు ఉగ్రవాద సమాచారంతో పోల్చి చూస్తే, ఉగ్రవాదానికి సంబంధించిన గుర్తు ఉన్న 73 మంది అప్పటికే కార్డులతో పనిచేస్తున్నారు. రవాణా భద్రతా సంస్థకు ఆ గుర్తులన్నీ చూసే అధికారమే లేకపోవడం వల్ల వాళ్లు జల్లెడలోంచి జారారు. పట్టుకోవాల్సిన సంస్థ ఒకటి, సమాచారం ఉన్న సంస్థ ఇంకొకటి! అదే నివేదికలో ఇంకో మాట ఉంది: వెయ్యిన్నరకు పైగా రికార్డుల్లో మొదటి పేరు ఒకటి రెండు అక్షరాలే. మూడు వందలకు పైగా రికార్డుల్లో అయితే ఒక్క అక్షరమే.

తెలుగువాడికి దీని సంగతి వేరే చెప్పాలా? పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరమై ముందు నిలబడుతుంది, పాస్‌పోర్టులో విప్పుకుని వెనక్కి పోతుంది, బ్యాంకులో మాయమవుతుంది. లక్ష్మిని ఇంగ్లీషులో ఎక్స్ పెట్టి రాసేవాళ్లున్నారు, కేఎస్‌హెచ్‌ పెట్టి రాసేవాళ్లున్నారు. సంఖ్యల్ని పోల్చడం కంప్యూటరుకు తేలిక, అవి కలుస్తాయి లేదా కలవవు. పేర్లు అలా కాదు. ఉచ్చారణను బట్టి, అక్షరాల తేడాలను బట్టి ఎంత దగ్గరగా ఉన్నాయో లెక్కగట్టి, ఒక హద్దు దాటితే ఒకే మనిషి అనుకోవాలి. హద్దు సడలిస్తే ఊళ్లో శ్రీనివాసరావులందరూ ఒకే శ్రీనివాసరావు అయిపోతారు. బిగిస్తే దొంగ ఒక్క అక్షరం మార్చుకుని నడిచిపోతాడు.

సరే, కార్డు వచ్చింది. మెడలో వేసుకున్నాడు. అమెరికా, ఆస్ట్రేలియా నియమాల ప్రకారం అది పైబట్ట మీద, నడుముకు పైన, అందరికీ కనిపించాలి. కనిపిస్తే మాత్రం మనం ఏం చూస్తాం? ఫొటో చూసి మనిషిని పోల్చడం ఎంత పెద్ద పనా అనిపిస్తుంది. తెలిసినవాళ్ల విషయంలో నిజంగానే కాదు. ఇరవై ఏళ్ల కిందటి పెళ్లి ఆల్బంలో మేనమామను గడ్డం లేకుండా కూడా గుర్తుపడతాం. తెలియని ముఖాల దగ్గర మన మెదడు ఘోరంగా తప్పుతుంది. 1997లో బ్రిటన్‌లో రిచర్డ్ కెంప్, ఆయన సహచరులు ఒక ప్రయోగం ప్రచురించారు. ఫొటో ఉన్న క్రెడిట్ కార్డులిచ్చి కొందరిని సూపర్‌మార్కెట్‌కు పంపారు. క్యాషియర్లకు ప్రయోగం జరుగుతోందని తెలుసు. అయినా వేరేవాళ్ల ఫొటో ఉన్న కార్డుల్లో సగానికి పైగా ఒప్పుకున్నారు.

అనుభవం ఉన్నవాళ్లు ఇలా తప్పరని సర్దిచెప్పుకోవచ్చు. ఆ ఆశ కూడా నిలవలేదు. 2014లో డేవిడ్ వైట్, కెంప్ తదితరులు ఆస్ట్రేలియా పాస్‌పోర్టు అధికారుల్నే పరీక్షించారు. ఎదురుగా ఉన్న మనిషిది కాని ఫొటోను వాళ్లు నూటికి 14 సార్లు సరైనదేనని ఒప్పుకున్నారు. కొత్తగా చేరినవాళ్లకూ, ఏళ్లుగా అదే పనిలో ఉన్నవాళ్లకూ తేడా లేదు. తప్పు ఎక్కడ జరిగిందో ఎవరూ చెప్పని పనిలో ఎన్నేళ్లున్నా నేర్చుకునేదేముంటుంది? మోసగాడు దాటిపోతే ఆ సంగతి అధికారికి ఎన్నటికీ తెలియదు కదా.

దీనికి తోడు అరుదుతనం. 2005లో జెరెమీ వుల్ఫ్ బృందం తెర మీద దాగిన వస్తువుల్ని వెతికించే ప్రయోగం చేసింది. ప్రతి రెండు బొమ్మల్లో ఒకదానిలో వస్తువు ఉంటే నూటికి 7 తప్పిపోయాయి. వంద బొమ్మల్లో ఒక్కదానిలోనే ఉన్నప్పుడు 30 తప్పిపోయాయి. కళ్లు అవే, వస్తువులు అవే. 'ఉండదులే' అని మెదడు ముందే నిర్ణయించుకుంటుంది. రోజుకు వేలమంది నిజమైన కార్డుదారుల్ని చూసే గేటు కాపలాదారు మెదడు ఇంకెలా ఉంటుంది?

అందుకని మనిషి కంటికి తోడు యంత్రం తెచ్చారు. తొలితరం కార్డులో సన్నటి రాగి తీగచుట్ట, ఒక చిప్పు ఉంటాయి. గోడమీది రీడరు వెదజల్లే రేడియో తరంగాలే తీగచుట్టలో కరెంటు పుట్టిస్తాయి. ఆ కాస్త కరెంటుతో చిప్పు మేలుకుని తన నంబరు వల్లిస్తుంది. ఎవరడిగినా అదే నంబరు. పక్కన నిలబడి చాటుగా విన్నవాడు నకలు తయారు చేసుకోవచ్చు. తర్వాతి తరం కార్డు నంబరు చెప్పి ఊరుకోదు. రీడరు ప్రతిసారీ ఒక కొత్త సంఖ్య విసురుతుంది, కార్డు తనలోని రహస్య తాళంతో దాన్ని కలిపి జవాబిస్తుంది. విన్నవాడికి ఆ జవాబు రేపు పనికిరాదు. ఇదీ అభేద్యం కాదు. 1994లో వచ్చి ప్రపంచమంతా వాడిన మైఫేర్ క్లాసిక్ చిప్పులో రహస్య తాళం 48 బిట్లే. 2008లో నెదర్లాండ్స్‌లో రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని ఛేదించి చూపారు.

చిప్పు ఎంత గట్టిదైనా, కార్డు చేతిలో ఉందని మాత్రమే చెబుతుంది. ఎవరి చేతిలో ఉందో చెప్పడానికి శరీరం కావాలి. కెనడా 2007లో దేశంలోని పెద్ద విమానాశ్రయాల సిబ్బందికి వేలిముద్ర, కంటిపాప రెండూ ఉన్న కార్డు తెచ్చింది. మన ఏఈపీ కూడా బయోమెట్రిక్ బాట పట్టింది. వేలిగీతలు తల్లి కడుపులో ఆరో నెలకల్లా స్థిరపడి జీవితమంతా అలాగే ఉంటాయన్నది నిజమే. కానీ వాటిని చదివే యంత్రానికి ఎత్తుపల్లాలు కావాలి. రోజంతా ఫినాయిలు, డిటర్జెంటు నీళ్లలో చేతులు పెట్టేవాళ్లకూ, గరుకు సామాన్లు ఎత్తేవాళ్లకూ అవి అరిగిపోతాయి. రేషన్ షాపులో ఈ-పోస్ యంత్రం ముందు వేలు మార్చి వేలు పెట్టే ముసలివాళ్లనూ, కూలీలనూ చూసినవాళ్లకు ఈ బాధ తెలుసు. ఇక్కడా పేర్ల దగ్గర చెప్పిన హద్దే. పరాయివాడిని రానివ్వకూడదని బిగిస్తే సొంతవాడు గేటు బయట నిలబడతాడు. నా మట్టుకు నాకు ఇందులో ఒక అన్యాయం కనిపిస్తుంది. ఏసీ గదిలో కూర్చునే అధికారి వేలు ఠక్కున పలుకుతుంది, ఎవరి పనికి చేతులే పెట్టుబడో వాళ్ల వేలు పలకదు.

ఇంత చేసినా, ఒకరు కార్డు గీకి తలుపు తెరిస్తే వెనకాల ఇంకొకరు దూరిపోవడం మిగిలే ఉంటుంది. దానికి మందుగా అమెరికాలో, కార్డు కనిపించని వ్యక్తి ఎదురైతే ప్రతి ఉద్యోగీ ఆపి అడగాలని నియమం పెట్టారు. కాగితం మీద బాగుంది. కోటు వేసుకుని ఫోనులో మాట్లాడుతూ వచ్చే పెద్దమనిషిని ఇరవై రెండేళ్ల కాంట్రాక్టు కుర్రాడు "సార్, మీ పాసు చూపించండి" అని నిలదీయడం మన ఆఫీసుల్లో జరిగే పనేనా అన్నది పాఠకులే ఊహించుకోవచ్చు.

పోయిన కార్డుల సంగతి మరో కథ. అమెరికాలో ఒక విమానాశ్రయం ఇచ్చిన కార్డుల్లో నూటికి 5 కంటే ఎక్కువ లెక్కతేలకపోతే, మొత్తం అందరికీ కొత్తవి ఇవ్వాల్సి వస్తుంది. అందుకే పోగొట్టుకున్నవాడికి జరిమానా, మానేసినవాడి కార్డు తెచ్చివ్వని కంపెనీకి ఒత్తిడి. ఆస్ట్రేలియా ఇంకో తోవ పట్టింది: కార్డు రెండేళ్లకే చచ్చిపోవాలి. దానితో అక్కడి చిన్న విమానాల పైలట్లకు ఒళ్లుమండింది. సొంత సరదాకు నాలుగు సీట్ల విమానం నడిపే రైతు కూడా, వారానికి కొద్దిసార్లు ప్రయాణికుల విమానం దిగే పల్లె విమానాశ్రయంలో తిరగాలంటే అసిక్ అనే ఎర్ర కార్డు ఉండాలి. రెండేళ్లకోసారి రుసుము, గూఢచార సంస్థ విచారణ మామూలే. కార్డు లేకపోతే సందర్శకుడి చీటీతో, కార్డున్నవాడి వెంట నడవాలి. అదీ ఒక్కో విమానాశ్రయంలో ఏడాదికి 28 రోజులే. ఆ పైలట్ల గొణుగుడులో న్యాయముందనే నాకనిపిస్తుంది. పెద్ద నగరానికి కుట్టిన చొక్కాను పల్లెకు తొడిగారు.

గడువును ఎంత కుదించినా కొన్ని ఎడాలు మూసుకోవు. 2018 ఆగస్టు 10న సియాటిల్-టకోమాలో హొరైజన్ ఎయిర్ నేల సిబ్బందిలో ఒకడు, మూడేళ్లకు పైగా మచ్చలేకుండా పనిచేసినవాడు, విమానాన్ని లాగే ట్రాక్టరుతో ఒక ఖాళీ క్యూ400ను తిప్పి, తానే నడుపుతూ గాలిలోకి లేచాడు. గంటకు పైగా తిరిగి కెట్రాన్ దీవిలో కూలి చనిపోయాడు. అతని కార్డు చెల్లుతుంది, విచారణ పూర్తయింది, అక్కడ ఉండటం అతని ఉద్యోగం. 2016 ఫిబ్రవరి 2న మొగదిషులో తనిఖీ దాటిన ప్రయాణికుడికి బాంబు దాచిన ల్యాప్‌టాప్‌ను అందించిన ఇద్దరూ విమానాశ్రయ ఉద్యోగులే అని సీసీటీవీలో కనిపించింది. గాలిలో పేలింది, బాంబు తెచ్చినవాడే ఎగిరి పడిపోయాడు, విమానం వెనుదిరిగి క్షేమంగా దిగింది. 2014లో అట్లాంటాలో ఒక సామాన్ల ఉద్యోగి తన కార్డుతో తుపాకులు లోపలికి చేర్చి ప్రయాణికుడికి అందిస్తూ వందకు పైగా న్యూయార్క్‌కు దాటించాడు. యూరప్‌లోనూ, మన దగ్గరా లోపలికి వెళ్లే ఉద్యోగిని కూడా తనిఖీ చేస్తారు. మన గేట్ల దగ్గర సీఐఎస్‌ఎఫ్ జవాను టిఫిన్ బాక్సు మూత తీయించి చూడటం అవమానం అనుకునేవాళ్లు అట్లాంటాను తలుచుకోవాలి.

ఎడం తగ్గించే కొత్త ప్రయత్నం, గడువు కోసం ఎదురుచూడకుండా విచారణను ఎప్పుడూ నడుస్తూ ఉంచడం. అమెరికాలో దీన్ని రాప్‌బ్యాక్ అంటారు. ఉద్యోగి వేలిముద్రలు ఎఫ్‌బీఐ దగ్గరే ఉంటాయి. దేశంలో ఎక్కడ అరెస్టయినా ఆ ముద్ర కలిసి, కబురు విమానాశ్రయానికి వెళుతుంది. అయితే అరెస్టు వేరు, నేరం రుజువు కావడం వేరు. కబురు మాత్రం అరెస్టు రోజే వస్తుంది, తీర్పు ఏళ్ల తర్వాత. ఈ మధ్యకాలంలో ఆ మనిషి జీతం ఎవరిస్తారన్నది ఏ సాఫ్ట్‌వేరూ తేల్చదు.

అనుమతి మీద అనుమానం పడితే ఉద్యోగి గతేమిటన్న ఈ ప్రశ్న మన దగ్గర మనిషి స్థాయిలో కాదు, ఏకంగా కంపెనీ స్థాయిలో బయటపడింది. ఏఈపీ ఉద్యోగిదే అయినా, దానికి ఆధారం కంపెనీకి బీసీఏఎస్ ఇచ్చే భద్రతా అనుమతి. 2025 మే 15న, దేశభద్రత కారణంగా, తుర్కియే మూలాలున్న సెలెబీ గ్రౌండ్ హ్యాండ్లింగ్ సంస్థ అనుమతిని బీసీఏఎస్ తక్షణం రద్దు చేసింది. శంషాబాద్‌తో పాటు దేశంలో తొమ్మిది విమానాశ్రయాల్లో పనిచేస్తున్న కంపెనీ అది. ఉద్యోగులు దాదాపు పదివేలు. కారణాలు చెప్పకుండా, వాదన వినకుండా రద్దు చేశారని కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. జులై 7న కోర్టు ప్రభుత్వ నిర్ణయాన్నే సమర్థించింది. ఉద్యోగుల్ని ఇతర సంస్థలు తీసుకుంటాయని ప్రభుత్వం చెప్పింది. వాళ్ల వేలిముద్రలు మారలేదు, పోలీసు విచారణలో కొత్తగా ఏమీ తేలలేదు, సామాను ఎక్కించాల్సిన విమానాలూ అవే. కార్డులో 'సంస్థ' అన్న గడి ఒక్కటి మారాలి.